బండారు ఎత్తిన పూట

పోయిన వారం మనం హన్మమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఆమె గుండెల్లో రాయి పడేసి వచ్చాం. ఈ వారమే మొదటిసారి చదువుతున్నవాళ్లు కంగారుపడనక్కర్లేదు, నాలుగు మాటల్లో చెప్పేస్తాను. తాండూరు చివర కురుమగేరిలో ఆమె ఇల్లు. కాళ్లలోనూ భుజాల్లోనూ కండ కరిగిపోతూ వచ్చే జబ్బు ఆమెది. పోలీసు యాక్షన్ జరిగిన ఏడు బయటపడింది, ఇప్పటికీ ఆ జబ్బు తన పని తాను చేసుకుపోతూనే ఉంది. ఉన్నది ఒక్కతే కూతురు, దేవమ్మ. దేవమ్మను హన్మమ్మ తమ్ముడు నర్సప్ప కొడుక్కి, వికారాబాద్ స్టేషన్లో గూడ్సు దగ్గర పని చేసే చంద్రశేఖర్‌కి ఇవ్వాలని పిల్ల పుట్టిన రోజే అనుకున్నారు. పూలు పండ్లు పెట్టుకోవడానికి వాళ్లు తెల్లారి వస్తారనగా, ఉన్ని దువ్వుతూ కూర్చున్న దేవమ్మ లేచి నిలబడింది.

లేవడంలో ఏముంది, అందరూ లేస్తారు. దేవమ్మ మాత్రం ముందుకు వంగింది. రెండు అరచేతులు మోకాళ్ల మీద ఆనించింది. అక్కడి నుంచి తొడల మీదికి జరుపుకుంటూ, తనను తానే పైకి తోసుకుంటూ లేచింది. ఇంకెవరైనా చూస్తే పిల్లకు ఒళ్లు బద్ధకం అనుకుని ఊరుకునేవాళ్లు. హన్మమ్మ అనుకోలేకపోయింది. పడుచుదనంలో ఆమె కూడా సరిగ్గా అలాగే లేచేది.

అక్కడ ఆపాం. ఇప్పుడు తెల్లారింది.

హన్మమ్మ వయసు నలభైకి అటో ఇటో. ఆమెతోపాటు ఈ గేరికి కాపురానికి వచ్చిన ఆడవాళ్లు ఇన్నాళ్లూ బిందె మీద బిందె పెట్టుకుని చేతులూపుకుంటూ నడిచారు. ఈ మధ్య ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన చతికిలబడి, "మోకాళ్లు గుంజుతున్నయే హన్మవ్వా, ముసల్దాన్నయిపోతున్న" అని చెప్పుకుంటున్నారు. హన్మమ్మ "ఔ గదనే" అంటుంది. లోపల మాత్రం ఒళ్లు మండుతుంది. వీళ్లందరికీ వయసు ఇప్పుడు వస్తోంది, తనకు ఇరవై రెండేళ్లకే వచ్చేసింది. వచ్చిన వయసు పోనీ ఊరికే కూర్చుందా అంటే అదీ లేదు. మొదట పరుగును తీసుకుపోయింది, తర్వాత మెట్లు ఎక్కడం, ఆ తర్వాత నేల మీద నుంచి లేవడం. తల దువ్వుకునేందుకు చెయ్యి పైకి పోవడం ఏ సంవత్సరం ఆగిపోయిందో ఆమెకు గుర్తు లేదు. ఇప్పుడు అన్నం ముద్ద నోటి దాకా పోవాలంటే మోచేతిని మోకాలి మీద నిలబెట్టుకుని తలనే కిందికి వంచాలి. వేళ్లు మాత్రం మిగిలాయి. కదురు పట్టి ఉన్ని వడకడంలో కురుమగేరిలో ఇప్పటికీ ఆమె తర్వాతే ఎవరైనా.

జబ్బు కన్నా ఆమెను భయపెట్టేది ఇంకొకటి ఉంది. తనను ఎత్తే మనిషికి కూడా వయసు వస్తోంది. మల్లప్ప ఆమె మొగుడు, అంతకు ముందు సొంత మేనమామ, తల్లికి కడగొట్టు తమ్ముడు. ఈ ఇంట్లో పిలుపులు తేల్చుకోవడం కొత్తవాళ్ల వల్ల కాదు. హన్మమ్మ మొగుణ్ణి మామా అంటుంది, ఆమె తమ్ముడు నర్సప్ప కూడా మామా అనే అంటాడు, దేవమ్మ నర్సప్పను మామా అంటుంది. ఎటు తిరిగినా అదే నెత్తురు మళ్లీ ఇంటికే వస్తుంది. ఒకప్పుడు మల్లప్ప చూలు గొర్రెను వాగు దాటించినంత తేలిగ్గా ఆమెను భుజాన వేసుకునేవాడు. రజాకార్లు వస్తున్నారని ఊరు ఊరంతా జొన్నచేలల్లో పడి పరుగెత్తిన రోజు, చంటిపిల్ల దేవమ్మను చంకనెత్తుకుని హన్మమ్మ ఒక గట్టు దగ్గర పడిపోయింది. లేవబోతే కాళ్లు రాలేదు. మల్లప్ప వెనక్కి వచ్చి తల్లినీ పిల్లనూ ఇద్దరినీ మోసుకుపోయాడు. భయానికి కాళ్లు చచ్చుబడ్డాయి, రెండు రోజుల్లో వస్తాయిలే అనుకున్నారు. ఆ మల్లప్పకు పోయిన వానాకాలం నుంచి ఆయాసం. ఆమెను లేపి కూర్చోబెట్టడం, దొడ్లోకి తీసుకుపోవడం, స్నానం, చీర, అన్నీ దేవమ్మ చేతుల మీదికి వచ్చిపడ్డాయి.

ఆ చేతులకే ఇప్పుడు ఆ జబ్బు.

పొద్దున్నే మల్లప్ప గొంగడి దులుపుతుంటే హన్మమ్మ పిలిచింది.

"మామా, గీ సంబంధం వద్దు."

మల్లప్ప గొంగడి అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. "ఏమైందే? మొన్ననే గద నువ్వే శక్కర తెప్పియ్యమంటివి."

"గిప్పుడు వద్దంటున్న."

"ఎందుకో చెప్పు మరి. నర్సిగాడు అడిగితే నేనేం చెప్పాలె?"

"నాకు మనసొప్పలేదని చెప్పు."

"మనసొప్పలేదంటే ఆగుతదా హన్మీ? మేనరికం. వానికి హక్కున్నది. ఊకనే కాదంటే కులం అడుగుతది." అతను వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "బిడ్డ పోతే నిన్నెవరు చూస్తరని ఫికర్ పడుతున్నవా? నేను లేనా?"

చెప్పేద్దామనుకుంది. నాలుక చివరి దాకా వచ్చింది. పోయిన చలికాలం తమ్ముడి ఇంటికి పోయినప్పుడు, వికారాబాద్‌లో డాక్టర్ ఏసుదాసు తనను చూశాడు. అప్పుడు మల్లప్ప చాయ్ తాగడానికి బయటికి పోయాడు. "నీ పెనిమిటి నీకేమైతడమ్మా?" అని అడిగాడు డాక్టరు. మా అమ్మ తమ్ముడు అని చెప్పింది. "మీ నాయిన మీ అమ్మకు?" మేనబావ అంది. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మెల్లగా చెప్పాడు. ఇది కండలు కరిగే జబ్బు, దీనికి మందు లేదు. ఒకే నెత్తుర్లో మళ్లీ మళ్లీ ఇచ్చిపుచ్చుకుంటే పిల్లలకు దిగుతుంది. నీకు కాన్పు తర్వాతే ముదిరింది చూడు. నీ బిడ్డను మాత్రం బయటికి ఇవ్వు తల్లీ, ఇంట్లో ఇయ్యకు. ఆ మాటను హన్మమ్మ ఎవరికీ చెప్పలేదు. బిడ్డ బాగానే ఉంది కదా, డాక్టర్లు ఏదో అంటారు, అనుకుంది. నిన్నటి దాకా అనుకుంది.

ఇప్పుడు మొగుడి మొహం చూస్తూ నోరు తెరిచింది. మల్లప్ప చూపు ఆమె మొహం మీద లేదు. చీర పక్కకు జరిగిన చోట, మోకాలి పైన నల్లబడిన వాతల మీద ఉంది. అవి అతను పెట్టినవే. గొర్రెకు వెనక కాళ్లు ఈడ్చుకుపోతే కురుమవాళ్లు ఇనుప చువ్వ కాల్చి తొడ మీద వాత పెడతారు. మంద కాసే చేతికి తెలిసిన వైద్యం అదే, అందుకని ప్రాణం కన్నా ఎక్కువైన పెళ్లానికి అదే చేశాడు. ఆమె అరుస్తుంటే తనూ ఏడుస్తూ చేశాడు. వాతలు మానాయి, కాళ్లు రాలేదు. అయినా తన తప్పు వాత పెట్టడం కాదని, ఆలస్యంగా పెట్టడమని మల్లప్ప ఈ రోజుకీ నమ్ముతాడు.

"జర ముందుగాల పెట్టి ఉంటే నువ్వు గిట్ల కాకపోతుంటివి" అన్నాడు ఇప్పుడు కూడా, అలవాటుగా.

హన్మమ్మ నోరు మూసుకుంది. దేవమ్మ సంగతి ఇతనికి తెలిసిన పూటే ఈ ఇంట్లో చువ్వ మళ్లీ పొయ్యిలోకి పోతుంది. ప్రేమ కొద్దీ పోతుంది. ఈసారి ఆలస్యం చేయడు.

లోపల దేవమ్మ తల దువ్వుకుంటోంది. తలుపు సందులోంచి హన్మమ్మకు సగమే కనబడుతోంది. పిల్ల గోడకు దగ్గరగా జరిగి, మోచేతిని గోడకు ఆనించి, ఆ ఆసరాతో చేతిని తల మీద నిలబెట్టుకుని జడ పాయలు తీస్తోంది. పెదవుల మధ్య పిన్నులు పెట్టుకుని ఏదో కూనిరాగం తీస్తోంది. పోయిన పండక్కి చంద్రశేఖర్ తెచ్చిన ఆకుపచ్చ గాజులు తొడుక్కుంది. ఆ అబ్బాయి అంటే పిల్లకు ఇష్టం. వికారాబాద్‌లో రైళ్లు ఎన్ని వైపులకు పోతాయో, ఏ బండి ఏ వేళకు వస్తుందో అతను చెప్పినవన్నీ తల్లికి స్నానం చేయిస్తూ అప్పజెప్పేది. ఆ గొంతులో సంతోషం వినడానికే హన్మమ్మ ఒక్కోసారి ఇంకో చెంబు నీళ్లు పొయ్యమనేది.

తనకు దక్కిన ఒకే ఒక్క మేలు ఏదైనా ఉంటే, మొదటి నాలుగైదేళ్లు ఏమవుతోందో తెలియకపోవడమే. వచ్చే ఏటికి తగ్గుతుందనుకుంటూ బతికింది. ఆ కాస్తయినా కూతురికి మిగల్చాలి. జబ్బు పేరు బయటికి వస్తే అది కూడా పోతుంది. కొడంగల్ నుంచి పూడూరు దాకా ఏ కురుమ గడపలోనూ దేవమ్మకు చోటుండదు. చెప్తే బిడ్డ బతుకు ఇప్పుడే అయిపోతుంది, చెప్పకపోతే పెళ్లయి, కాన్పయి, తనలాగే నేల పాలవుతుంది. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు హన్మమ్మకు.

వాళ్లు పొద్దుటి ప్యాసింజరుకు దిగారు. నర్సప్ప, అతని పెళ్లాం సుమిత్రమ్మ, ఇత్తడి పళ్లెంలో పూలు, పండ్లు, కొబ్బరికాయలు. తాండూరు కురుమలకు పెద్దయిన ఈరయ్యను దారిలోనే వెంటబెట్టుకుని వచ్చారు. గేరిలో వాళ్లు కూడా కొందరు వచ్చి వాకిట్లో నాపరాయి బండల మీద కూర్చున్నారు. మల్లప్ప నల్ల గొంగడి పరిచాడు. దేవమ్మ, తండ్రి కలిసి హన్మమ్మను తెచ్చి గొంగడి అంచున, గుంజకు ఆనించి కూర్చోబెట్టారు.

"మంచిగున్నవా అక్కా?" నర్సప్ప వంగి ఆమె కాళ్లకు మొక్కాడు. మంచివాడు. చిన్నప్పుడు ఈ అక్క చంకనే పెరిగాడు. "పళ్లెం అందుకో అక్కా. నీ చేతుల పెట్టాలెనని పట్టుకొచ్చిన."

హన్మమ్మ పళ్లెం వైపు చూడలేదు. "నేనియ్య తమ్మీ" అంది.

నర్సప్ప నవ్వబోయాడు. "ఏందక్కా, పరాచికమా?"

"కాదు. దేవిని నీ ఇంటికియ్య. ఇంకేడనన్న ఇస్త. లేకుంటే ఎవ్వరికియ్య."

తలుపు దగ్గర నిలబడ్డ దేవమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. మల్లప్ప తల దించుకున్నాడు. సుమిత్రమ్మ పళ్లెం కింద పెట్టింది, కొంచెం గట్టిగానే పెట్టింది.

"నా కొడుకు చేసిన తప్పేంది వదినే? తాగుతడా? తిరుగుతడా? సర్కారు పని చేస్తున్నడు. మీ మల్లన్న లెక్క గొర్ల ఎంబడి అడవులు పట్టుకొని పోతలేడు."

"పిలగాడు బంగారం. ఆయన మీద నాకేం లేదు."

"మరి?"

పెద్ద ఈరయ్య చుట్ట ఆర్పి బండ మీద పెట్టాడు. నిదానస్థుడు, అన్నీ విన్న తర్వాతే నోరు విప్పే రకం. "హన్మవ్వా, మేనరికం కాదనాల్నంటే కారణం చెప్పాలె. లేకుంటే నీ తమ్ముడు గేరిల తలెత్తుకోలేడు. చెప్పమ్మా."

సుమిత్రమ్మ ఆగలేకపోయింది. "నాకెర్కనే ఎందుకో. నేను చెప్త వినుండ్రి. దేవి పోతే లేపెటోళ్లు లేరు, కడిగెటోళ్లు లేరు. గందుకే. కన్నబిడ్డను జీతగత్తె లెక్క ఇంట్ల కట్టేసుకుంటదట. మొగోళ్లు అడుగుతరా గీ మాట, నేనే అడుగుతున్న. గదేనా వదినే? ఔనా కాదా?"

మాట కత్తిలా దిగింది. కానీ దిగిన చోటే హన్మమ్మకు ఒక దారి కూడా కనబడింది. ఆ నింద నెత్తిన వేసుకుంటే చాలు. తల్లి స్వార్థపరురాలని లోకం అనుకుంటుంది, కూతురికి మచ్చ పడదు. మెల్లగా, ఒకటి రెండేళ్లకు, ఎవరో దూరపు వాళ్లను చూసుకోవచ్చు. ఆ తర్వాత ఏమవుతుందో ఆలోచించే ఓపిక ఆమెకు లేదు.

"ఔ" అంది హన్మమ్మ. "గదే. నన్ను లేపెటోళ్లు లేరు. దేవి లేకుంటే నేను బతక. గందుకే ఇయ్యనంటున్న."

దేవమ్మ అక్కడే గడప మీద కూలబడింది. గాజుల చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. రోజూ పొద్దున లేచి తల్లిని లేపిన చేతులవి, ఒక్కనాడు విసుక్కోలేదు. అన్నీ చేయించుకుని ఇప్పుడు నలుగురిలో ఇంత మాటా అని ఆ పిల్ల కళ్లు అడుగుతున్నాయి. హన్మమ్మకు ఆ కళ్లు చూసే ధైర్యం లేక గొంగడిని చూసింది.

నర్సప్పకు కోపం వస్తుందనుకుంది. రాలేదు. అతను ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఓసి పిచ్చి అక్కా, గింతేనా? నిన్ను సుత తోలుకపోత. మామను సుత. మా ఇంట్ల అర్ర ఖాళీగనే ఉన్నది. నీ బిడ్డ నీ కండ్ల ముంగటనే ఉంటది. నా పెండ్లాం నోరే గంత, చేతులు మంచియి. ఇద్దరు కలిసి చూసుకుంటరు."

సుమిత్రమ్మ మూతి తిప్పుకుంది కానీ కాదనలేదు.

ఇంత మంచితనాన్ని ఎలా ఎదుర్కోవాలో హన్మమ్మకు తెలియలేదు. "నేను రాను" అంది.

"ఎందుకు?"

"తమ్ముని ఇంట్ల పడి తిననా? రాను."

"అయితే పిలగాన్నే ఇల్లరికం పంపుత. నడుస్తదా?"

"వద్దు."

"అక్కా!"

"వద్దంటే వద్దు. నన్నడగకు."

ఈరయ్య చాలాసేపు ఆమెనే చూశాడు. అతని చూపులో శత్రుత్వం లేదు. మందలో ఒక జీవం ఎందుకు మేయడం లేదో కనిపెట్టాలని చూసేవాడి చూపు. "లేపెటోళ్లు లేరన్నవు. వాళ్లు లేపుతమంటున్నరు. అయినా వద్దంటున్నవు. హన్మవ్వా, నీ కడుపుల ఇంకేదో మాటున్నది. మాకు చెప్పకున్నా మంచిదే, బీరప్పకు చెప్పు. బండారు ఎత్తు."

కురుమవాళ్లకు బండారు అంటే పసుపు. వాళ్ల దేవుడు బీరప్ప సన్నిధిలో పూజ చేసి తెచ్చిన పసుపు ప్రతి ఇంటి పెద్ద దగ్గరా చిన్న సంచిలో ఉంటుంది. దాన్ని కుడి అరచేతిలో పోస్తారు. చెయ్యి ఎత్తి, నొసటికి తాకించి చెప్పిన మాట నిజం. అందాక పోయేలోపు పసుపు జారిందా, చెప్పేది అబద్ధం. దాని మీద ఇంక వాదం ఉండదు. గొర్రెల దొంగతనాల నుంచి ఆలుమగల తగాదాల దాకా ఆ వాకిళ్లలో అలాగే తేలాయి.

"దాని చెయ్యి నొసటిదాక పోదు పెద్దయ్యా" అన్నాడు మల్లప్ప గాబరాగా. "మీకెర్కనే గద."

"ఎర్కనే. బిడ్డను పట్టమను. బిడ్డ చెయ్యి ఆసరా ఇస్తే తప్పులేదు. దేవీ, రా."

దేవమ్మ వచ్చింది. కళ్లు తుడుచుకోలేదు. తల్లి పక్కన గొంగడి మీద కూర్చుంది, ఎప్పుడూ కూర్చున్నట్టే, భుజానికి భుజం తగిలేలా. ఈరయ్య సంచి విప్పి హన్మమ్మ అరచేతి నిండా పసుపు పోశాడు. దేవమ్మ ఒక చేత్తో తల్లి మణికట్టు, ఇంకో చేత్తో మోచెయ్యి పట్టుకుంది.

"అను" అన్నాడు ఈరయ్య. "బిడ్డ పోతే నన్ను చూసెటోళ్లు లేరని తప్ప, నా మనసుల ఇంకో కారణం లేదని అను."

హన్మమ్మకు దేవుడంటే భయం లేదు. ఈ పదహారేళ్లలో ఆయన చేయగలిగినవన్నీ చేసేశాడు. గట్టి గొంతుతోనే మొదలుపెట్టింది. "బీరప్పా, నా బిడ్డ పోతే నన్ను చూసెటోళ్లు లేరు..."

చెయ్యి లేచింది. ఒడి దాటింది. రొమ్ము దాకా వచ్చింది. ఎత్తుతున్నది దేవమ్మ, హన్మమ్మ చేతికి చేతనయ్యేదల్లా అరచెయ్యి ఒరగకుండా పసుపును పట్టి ఉంచడమే. గడ్డం దాకా వచ్చింది. అక్కడ ఆగింది. దేవమ్మ ఊపిరి బిగబట్టడం హన్మమ్మ చెవిలో వినబడింది. కూతురి భుజం తన భుజానికి ఆనుకుని సన్నగా అదరడం తెలిసింది. పిల్ల మళ్లీ ఎత్తబోయింది, మోచెయ్యిని కింది నుంచి తోసింది. గాజులు గలగలమన్నాయి. ఇంకా జానెడు కూడా లేదు నొసటికి.

తల్లి చెయ్యీ, దాన్ని పట్టిన కూతురి చేతులూ ఒక్కసారిగా కిందికి వచ్చేశాయి. నల్ల గొంగడి మీద పసుపంతా చెల్లాచెదరైంది.

ఎవరో ఆడమనిషి "అయ్యో బీరప్పా" అంది. మల్లప్ప మొహం కప్పుకున్నాడు. ఈరయ్య లేచి నిలబడ్డాడు. "పడ్డది. దేవుడు ఒప్పుకోలే. హన్మవ్వా, నీ మాట అబద్ధం. కారణం లేనిది మేనరికం ఆగదు. నర్సప్పా, పళ్లెం అక్కకియ్యి."

వాకిట్లో అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ గోలలో తల్లీకూతుళ్లను ఎవరూ చూడడం లేదు. దేవమ్మ తన చేతుల వైపే చూసుకుంటోంది. వేళ్లకు పసుపు అంటుకుంది.

"అమ్మా" అంది, పెదవులు కదిలీ కదలకుండా. "జారింది నీ చెయ్యి కాదు. నాదే."

హన్మమ్మ తల తిప్పి చూసింది.

"బిందె నెత్తికి ఎత్తుకోనస్తలేదే. కొన్నొద్దుల సంది నడుము మీదనే పెట్టుకొస్తున్న. ఎవ్వరికి చెప్పలే. పనెక్కువై గుంజుతున్నయ్ అనుకున్న. నీకు సుత గిట్లనే మొదలైందా?"

దేవుడి ముందు అంత సులువుగా వచ్చిన అబద్ధం ఇప్పుడు రాలేదు. ఎంత వెతుక్కున్నా రాలేదు. "ఊకో బిడ్డ" అంది హన్మమ్మ. "మాట్లాడకు. ఊకో."

అది చాలింది దేవమ్మకు. తల్లి నడవలేని కాళ్లనూ, వాతలనూ, ఒడిలో పడి ఉన్న చెయ్యినీ, ఎప్పుడూ చూడనట్టు ఒక్కొక్కటే చూసింది. తను రోజూ కడిగి తుడిచే ఒళ్లు అది. అందులో తన రాబోయే ఏళ్లన్నీ వరుసగా కనబడుతుంటే చూడకుండా ఉండలేకపోయింది. హన్మమ్మకు ఆ చూపు ఎక్కడెక్కడ ఆగుతోందో తెలుస్తోంది. ఆమె బతుకులో ఇంతకన్నా చెడ్డ ఘడియ లేదు. కాళ్లు పోయిన రోజు కూడా దీని ముందు ఎంత.

"గందుకా వద్దంటున్నవ్" అంది దేవమ్మ. "నా కోసమా."

"బిడ్డా..."

"అంత నీ మీదికే తీసుకున్నవా అమ్మా."

దేవమ్మ లేచింది. ఈసారి మోకాళ్ల మీద చేతులు పెట్టలేదు. తల్లి ఆనుకున్న గుంజను రెండు చేతులతో పట్టుకుని, నలుగురూ చూస్తే సిగ్గుతో గుంజను పట్టుకుందనుకునేలా లేచి నిలబడింది. దాచుకోవడం అప్పుడే నేర్చేసుకుంది. హన్మమ్మకు అది నేర్వడానికి మూడేళ్లు పట్టింది.

"మామా" అని పిలిచింది దేవమ్మ. గొంతు తేటగా ఉంది. నర్సప్ప తిరిగి చూశాడు. "లగ్గం జల్ది పెట్టుండ్రి. గీ నెలల్నే."

వాకిలి వాకిలంతా నవ్వింది. "ఓయమ్మో, పిల్లకు ఎంత తొందరున్నదే!" అన్నారు ఆడవాళ్లు. ఈరయ్య కూడా మీసం కింద నవ్వాడు. మల్లప్ప కళ్లు తుడుచుకుంటూ కూతురి తల నిమిరాడు. నర్సప్ప దగ్గరికి వచ్చాడు. "గట్లనే బిడ్డ. నువ్వెట్లంటే గట్ల" అన్నాడు.

ఆ తొందర ఎందుకో దేవమ్మ కాక ఆ వాకిట్లో హన్మమ్మ ఒక్కదానికే తెలుసు. ఒళ్లు బయటపడక ముందే, బిందె సంగతి నలుగురి కంట్లో పడక ముందే, కొన్నాళ్లయినా మిగతా ఆడపిల్లల మాదిరి ఉండి రావాలని పోతోంది పిల్ల. తెలిసి తెలిసి పోతోంది. ఏమీ తెలియని చంద్రశేఖర్ ఇంటికి, ఏమీ తెలియని ఈ తమ్ముడి ఇంటికి పోతోంది. ఇప్పుడు నోరు విప్పితే కూతుర్ని తన చేతులతో తనే నలుగురిలో నిలబెట్టినట్టు. విప్పకపోతే తమ్ముణ్ణి మోసం చేసినట్టు, పుట్టబోయే పసివాళ్లకు కూడా ఈ నేలే రాసిపెట్టినట్టు.

"తమ్మీ" అంది హన్మమ్మ. ఎవరికీ వినబడలేదు. ఊపిరంతా కూడగట్టుకుంది. "తమ్మీ, ఆగు. నేనొక మాట..."

"ఇంకేం మాటలున్నయ్ వదినే, అయిపోయింది గద" అంటూ సుమిత్రమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది. కోపమంతా పోయింది ఆమెకు. పళ్లెంలోంచి పిడికెడు శక్కర తీసి, నవ్వుతూ, హన్మమ్మ తెరిచిన నోట్లో కుక్కేసింది. "ముందుగాల నోరు తీపి చేసుకో."

అడ్డం పెట్టడానికి హన్మమ్మ చెయ్యి లేవదు. నోటి నిండా శక్కర కరుగుతూ గొంతులోకి దిగుతోంది. సుమిత్రమ్మ భుజం మీదుగా దేవమ్మ ఆమెనే చూస్తోంది. ఎవరికీ కనబడకుండా, చాలా కొద్దిగా, చెప్పొద్దన్నట్టు తల ఊపింది.